జాకీ వీల్: టూరింగ్ క్యారవాన్‌కు మన్నికైన ముందు చక్రం

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే విహార క్యారవాన్‌కు ముందు భాగంలో, నిలువు గొట్టం అడుగున ఉండే చిన్న చక్రాన్ని జాకీ వీల్ అంటారు. కారు నుంచి విడదీసినప్పుడు క్యారవాన్ ముందు బరువును మోయడం, హ్యాండిల్ తిప్పితే ఆ భాగాన్ని పైకీ కిందికీ కదపడం, చేత్తో నెట్టేటప్పుడు ఎటు కావాలంటే అటు తిరగడం దీని పనులు. ఎద్దులను విప్పాక బండి నొగలు నేలకు వాలకుండా ఊతకర్ర పెడతారు. జాకీ వీల్ అలాంటి ఊతే, కాకపోతే దీని ఎత్తు మారుతుంది, ఇది దొర్లుతుంది. ప్రయాణంలో దీనితో పని లేదు కాబట్టి పైకి ఎత్తి బిగించి ఉంచుతారు.

పాడైన జాకీ వీల్ స్థానంలో కొత్తది కొనేవాళ్లు ముందుగా చూసేది దాని మీద రాసిన కిలోల అంకె. అయితే నిలకడగా ఉన్న బరువును మోయలేక ఇది విరిగిపోవడం అరుదు. పక్కకు ఈడ్చినప్పుడు గొట్టం వంగడం, గట్టు ఎక్కించినప్పుడు రిమ్ము పగలడం, గ్రీజు లేక మర అరిగిపోవడం ఎక్కువ. అందువల్ల మన్నిక గొట్టం మందం, చక్రం తీరు, పట్టు గట్టితనం, వాడే పద్ధతి అన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

విహారానికి ప్రత్యేకంగా కట్టించిన తొలి క్యారవాన్‌గా పేరొందినది 'వాండరర్'. రచయిత విలియం గోర్డన్ స్టేబుల్స్ కోసం 1885లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో దాన్ని తయారు చేశారు. గుర్రాలు లాగే ఆ బండికి నాలుగు చక్రాలు. గుర్రాలను విప్పినా తన కాళ్ల మీద తాను నిలిచేది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 నుంచి బర్మింగ్‌హామ్‌లోని ఎక్లెస్ సంస్థ కారు లాగే క్యారవాన్లను తయారు చేయసాగింది. కారు లాగే క్యారవాన్ తేలికగా ఉండాలి, మలుపుల్లో కారు వెంట సులువుగా తిరగాలి. ఒకే ఇరుసు, రెండే చక్రాలు ఉన్న నిర్మాణం స్థిరపడటానికి ఇదే కారణం. అలాంటి బండి కారుకు తగిలించి ఉన్నంతసేపే సమంగా నిలుస్తుంది, విడదీశాక ముందుకు వాలుతుంది. ముందు ఊత అక్కడి నుంచే తప్పనిసరి అయింది.

ఈ తరహా క్యారవాన్లు బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర సినిమా తారలు సేదతీరే బస్సులాంటి వాహనం గుర్తొస్తుంది. దానికి సొంత ఇంజిను ఉంటుంది గనుక జాకీ వీల్ అక్కర్లేదు. ఇక్కడ ఈ రకం చక్రం ఎక్కువగా కనిపించేది వాహనానికి కట్టి లాక్కెళ్లే డీజిల్ జనరేటర్లు, ఎయిర్ కంప్రెసర్ల ముందు. ఈ వ్యాసంలోని కొలతలు ప్రధానంగా బ్రిటన్, ఐరోపా క్యారవాన్లవి.

నిర్మాణం

క్యారవాన్ ముందు రెండు ఉక్కు కమ్మీలు ఒకచోట కలిసి మొన తేలుతాయి. దీన్ని ఏ-ఫ్రేమ్ అంటారు. మొన చివర ఉండే కప్లింగ్ కారు వెనకున్న 50 మి.మీ. టో బాల్‌ను పట్టుకుంటుంది. కప్లింగ్‌కు కాస్త వెనక ఏ-ఫ్రేమ్‌కు ఒక క్లాంపు ఉంటుంది. జాకీ వీల్ బయటి గొట్టాన్ని పట్టి ఉంచేది ఇదే. క్లాంపు హ్యాండిల్‌ను వదులు చేస్తే గొట్టం మొత్తం పైకీ కిందికీ జారుతుంది, బిగిస్తే ఆగిపోతుంది.

బయటి గొట్టంలో ఇంకో గొట్టం ఇమిడి ఉంటుంది. దాని పైభాగంలో నట్టు, ఆ నట్టులోంచి పొడవాటి మరకడ్డీ. పైనున్న హ్యాండిల్ తిప్పితే మరకడ్డీ తిరిగి లోపలి గొట్టాన్ని కిందికి నెడుతుంది, లేదా పైకి లాగుతుంది. హ్యాండిల్ కింద ఉండే బేరింగు బరువును మోస్తూనే కడ్డీని సులువుగా తిరగనిస్తుంది. లోపలి గొట్టం అడుగున ఫోర్కు, దాని మధ్య చక్రం. చక్రం ఇరుసు గొట్టానికి సరిగ్గా కింద కాకుండా కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. దీనివల్ల బండిని ఎటు నెడితే చక్రం దానికి వెనక్కి తిరిగి అనుసరిస్తుంది. ఆసుపత్రి మంచాల చక్రాల్లోనూ ఇదే ఏర్పాటు.

బయటి గొట్టం అడుగు అంచున చిన్న గాడి ఉంటుంది. లోపలి గొట్టాన్ని పూర్తిగా పైకి లాగినప్పుడు ఫోర్కు ఆ గాడిలో కూర్చోవాలి. అలా కూర్చోకపోతే ప్రయాణంలో కుదుపులకు ఫోర్కు మెల్లగా తిరుగుతూ పోతుంది, మర విప్పుకుని చక్రం కిందికి దిగుతుంది. చివరికి రోడ్డును తాకి చక్రం, గొట్టం రెండూ పాడవుతాయి. కొత్తది కొనేటప్పుడు ఈ గాడి లోతుగా, ఫోర్కుకు సరిపోయేలా ఉందో లేదో వేలితో తడిమి చూడటం మంచిది.

గొట్టం కొలతలు

మొదట తేల్చుకోవాల్సింది బయటి గొట్టం వ్యాసం. సామాన్లు మోసే చిన్న ట్రెయిలర్లకు 34 లేదా 42 మి.మీ. గొట్టాలు వాడతారు. బ్రిటన్, ఐరోపా క్యారవాన్లలో 48 మి.మీ. సర్వసాధారణం. గుర్రాలను, కార్లను, యంత్రాలను మోసే బరువైన ట్రెయిలర్లకు 60 మి.మీ. గొట్టం, అంతకు పైన చదరపు గొట్టం ఉంటాయి. క్లాంపు ఏ కొలతకు చేసినదో గొట్టం అదే కొలతలో ఉండాలి. 48 క్లాంపులో 42 గొట్టం పెట్టి ఎంత బిగించినా నిలవదు. క్లాంపు మీద కొలత కనిపించకపోతే పాత గొట్టాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. టేపుతో చుట్టుకొలత తీసి 3.14తో భాగించినా సరిపోతుంది. 48 మి.మీ. గొట్టం చుట్టుకొలత సుమారు 151 మి.మీ.

గోడ మందం ఒకటే అయితే 60 మి.మీ. గొట్టం 48 మి.మీ. గొట్టం కంటే వంపును ఒకటిన్నర రెట్లు తట్టుకుంటుంది. అలాగని క్యారవాన్‌కు 60 వేయాలంటే క్లాంపునూ మార్చాలి. ఏ-ఫ్రేమ్ మీద దానికి చోటు ఉండాలి, చట్రం తయారీదారు అనుమతీ ఉండాలి. చాలా క్యారవాన్లకు 48లోనే మందపు గోడ, గట్టి ఫోర్కు ఉన్న రకం ఎంచుకోవడం సులువైన మార్గం. కొన్ని గొట్టాల మీద పొడవునా గాళ్లు ఉంటాయి. అవి గొట్టాన్ని క్లాంపులో గుండ్రంగా తిరగనివ్వవు, అయితే అందుకు తగిన క్లాంపు ఉండాలి.

భారం లెక్క

క్యారవాన్ కప్లింగ్ కారు టో బాల్ మీద మోపే బరువును బ్రిటన్‌లో నోస్ వెయిట్ అంటారు. క్యారవాన్ మొత్తం బరువులో ఇది 5 నుంచి 7 శాతం ఉండాలన్నది అక్కడి వాడుక సూత్రం. 1,400 కిలోల క్యారవాన్‌కు 70 నుంచి 98 కిలోలన్నమాట. కారు, టో బార్, కప్లింగ్ మూడింటికీ వేర్వేరు పరిమితులు ఉంటాయి. వాటిలో ఏది తక్కువైతే దాన్నే పాటించాలి.

బండిని విడదీశాక ఈ భారం జాకీ వీల్ మీదికి వస్తుంది. వచ్చేటప్పుడు కాస్త పెరుగుతుంది, ఎందుకంటే కప్లింగ్ కంటే జాకీ వీల్ ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. ఒక ఉదాహరణ. కప్లింగ్ ఇరుసుకు 4 మీటర్ల ముందు, జాకీ వీల్ 3.6 మీటర్ల ముందు ఉన్నాయనుకుందాం. నోస్ వెయిట్ 85 కిలోలు. దాన్ని 4తో హెచ్చించి 3.6తో భాగిస్తే సుమారు 94 కిలోలు. ఇప్పుడు 75 కిలోల మనిషి లోపలికి వెళ్లి ఇరుసుకు 2 మీటర్ల ముందున్న సోఫాలో కూర్చుంటే మరో 42 కిలోలు చేరతాయి. మొత్తం 136. క్యారవాన్లతో వచ్చే సాధారణ 48 మి.మీ. జాకీ వీళ్ల సామర్థ్యం చాలావరకు 150 కిలోలే. నలుగురు మనుషులు ముందువైపు కూర్చుంటే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే క్యారవాన్‌ను నిలిపాక నాలుగు మూలల్లో ఉండే స్టెడీలనే ఊతకాళ్లను దించి నేలకు ఆనిస్తారు. అవి అదనపు భారాన్ని పంచుకుంటాయి. అయితే స్టెడీలు బండి కదలకుండా నిలబెట్టడానికే, పైకి ఎత్తడానికి కాదు. ఎత్తే పని జాకీ వీల్‌ది.

ఈ లెక్కంతా కదలకుండా ఉన్న బండిది. దొర్లుతున్న చక్రం గుంతలో పడినప్పుడు, రాయిని గుద్దినప్పుడు పడే భారం క్షణకాలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొందరు తయారీదారులు నిలకడ భారాన్ని, కదలిక భారాన్ని వేరు వేరుగా ఇస్తారు. ఒకే అంకె ఉంటే అది నిలకడ భారమే అనుకుని కొనడం క్షేమం. 90 కిలోల నోస్ వెయిట్‌కు 150 సామర్థ్యం సరిపోయినట్టు కనిపించినా, 250 లేదా 300 కిలోల రకం తీసుకుంటే ఆ తేడా కుదుపులకు పనికొస్తుంది.

పాడయ్యే తీరు

జాకీ వీల్ పాడవడంలో పక్కబలానిదే పెద్ద పాత్ర. ఏ-ఫ్రేమ్ నేలకు ఎంత ఎత్తులో ఉంటే చక్రం వద్ద పడిన పక్కబలం క్లాంపు దగ్గర అంత వంపు తెస్తుంది. క్లాంపు నేలకు 45 సెం.మీ. ఎత్తున ఉన్నప్పుడు పడే వంపు, 36 సెం.మీ.కు దించితే ఐదో వంతు తగ్గుతుంది. రెండోది, బయటికి వచ్చిన లోపలి గొట్టం పొడవు. అది సన్నం. మరను బాగా విప్పి, లోపలి గొట్టం ఎక్కువగా బయటకు వచ్చిన స్థితిలో బండిని తిప్పితే వంగేది అదే. ఒకసారి వంగాక బయటి గొట్టంలో ఒరుసుకుంటూ హ్యాండిల్‌ను తిరగనివ్వదు. కాబట్టి బండిని కదపబోయే ముందు మరను పైకి చుట్టి, బయటి గొట్టాన్నే క్లాంపులోంచి వీలైనంత కిందికి దించి బిగించాలి. అప్పుడు పక్కబలాన్ని మందపు గొట్టం భరిస్తుంది.

మోటార్ మూవర్ వచ్చాక ఈ సమస్య పెరిగింది. జర్మనీకి చెందిన ట్రూమా, బ్రిటన్‌కు చెందిన పవర్‌టచ్ లాంటి సంస్థలు తయారు చేసే ఈ పరికరం బ్యాటరీతో నడిచే రోలర్లను క్యారవాన్ టైర్లకు ఆనించి బండిని కదిలిస్తుంది. రిమోట్ నొక్కితే ఒక చక్రం ముందుకు, ఇంకొకటి వెనక్కి తిరిగి బండి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు జాకీ వీల్ పక్కకు విసురుగా కదలాలి. ఫోర్కు ఆ దిశకు తిరిగేలోపు మోటారు లాగేస్తుంది. మనిషి నెడుతుంటే బిగుతు చేతికి తెలుస్తుంది, ఆగుతాడు. మోటారుకు ఆ స్పృహ లేదు. మూవర్ ఉన్నవాళ్లు దిశ మార్చే ప్రతిసారీ కొద్దిగా ముందుకో వెనక్కో కదిపి చక్రాన్ని తిరగనిచ్చి, తర్వాతే మలుపు తిప్పాలి.

మిగతా లోపాలు నెమ్మదిగా వస్తాయి. ప్లాస్టిక్ రిమ్ములు ఎండకు పెళుసెక్కి, ఇరుసు రంధ్రం దగ్గర పగుళ్లు తీస్తాయి. రబ్బరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. తడిసిన మరకడ్డీ తుప్పు పట్టి నట్టు మరల్ని తినేస్తుంది. చివరికి హ్యాండిల్ తిరుగుతుంది, బండి మాత్రం లేవదు. ఇరుసు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగితే చక్రం ఊగుతూ దొర్లుతుంది.

చక్రం రకాలు

గట్టి రబ్బరు చక్రాలు సాధారణంగా 200 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. వెడల్పుతో వస్తాయి. పంక్చర్ భయం లేదు, పైకి ఎత్తాక తక్కువ చోటులో ఇముడుతుంది. సిమెంటు, తారు నేలల మీద ఇదే చాలు. తడి పచ్చిక, కంకర, ఇసుక మీద మాత్రం సన్నని అంచు దిగబడుతుంది. బ్రిటన్‌లో క్యారవాన్ విడిది స్థలాల్లో పచ్చిక మైదానాలూ ఉంటాయి కాబట్టి అక్కడ 60, 65 మి.మీ. వెడల్పు రకాలు పనికొస్తాయి.

గాలి నింపే టైర్లలో తరచుగా దొరికేది 260 మి.మీ. వ్యాసం, 85 మి.మీ. వెడల్పు రకం. పెద్ద చక్రం గట్టును తేలిగ్గా ఎక్కుతుంది. 100 కిలోల భారం మోస్తున్న 200 మి.మీ. చక్రాన్ని 20 మి.మీ. ఎత్తు పలక మీదికి ఎక్కించడానికి అడ్డంగా సుమారు 75 కిలోల బలం కావాలి. 260 మి.మీ. చక్రానికి సుమారు 63 కిలోలు చాలు. పైగా గాలి టైరు కుదుపును కొంత మింగుతుంది. దీనికి లోపాలూ ఉన్నాయి. నెలల తరబడి నిలిపి ఉంచితే గాలి దిగిపోతుంది, ముల్లు గుచ్చుకుంటుంది, పైకి ఎత్తినప్పుడు ఎక్కువ చోటు కావాలి. ఏ-ఫ్రేమ్ కింద హ్యాండ్‌బ్రేకు నుంచి ఇరుసుకు పోయే బ్రేకు కడ్డీ ఉంటుంది. ఎత్తి బిగించిన చక్రం దానికి తగిలితే బ్రేకు పనికే ముప్పు. పెద్ద చక్రం కొనేముందు కొలవాల్సిన చోటు ఇదే.

రెండు చక్రాలు పక్కపక్కన ఉన్న జంట రకం మెత్తటి నేల మీద బరువును పంచుతుంది. దానికి ఫోర్కు వెడల్పు పెరుగుతుంది. ఉక్కు రిమ్ము రకం ప్లాస్టిక్ కంటే దెబ్బలు తట్టుకుంటుంది. తుప్పు రాకుండా జింకు పూత ఉండాలి. పాత గొట్టం, మర బాగానే ఉండి చక్రం ఒక్కటే పాడైతే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. అందుకు ఇరుసు మందం, హబ్ పొడవు, ఫోర్కు లోపలి వెడల్పు, చక్రం వ్యాసం అనే నాలుగు కొలతలూ సరిపోవాలి.

ఎంపిక

మొదట క్లాంపు కొలత. అది గొట్టాన్ని నిర్ణయిస్తుంది. తర్వాత ఎత్తు. ఐరోపా ప్రమాణాల ప్రకారం, సామాను నింపిన కారు టో బాల్ మధ్య భాగం నేలకు 350 నుంచి 420 మి.మీ. ఎత్తులో ఉండాలి. కప్లింగ్‌ను దానికి పైగా లేపి, దాని మీదికి దించగలిగేంత పొడవు మరకు ఉండాలి. పొడవు తక్కువైతే చక్రం కింద చెక్క పెట్టి ఎత్తాల్సి వస్తుంది, ఆ చెక్క జారడం ప్రమాదాలకు ఒక కారణం. మూడోది పైకి ఎత్తినప్పుడు చోటు. హ్యాండిల్ గ్యాస్ సిలిండర్ల పెట్టె మూతకు తగలకూడదు, చక్రం బ్రేకు కడ్డీకి, విద్యుత్ తీగలకు తగలకూడదు. నాలుగోది నేల. క్యారవాన్ ఎక్కువగా నిలిచేది ఇంటి ముందు గట్టి నేల మీదా, పచ్చికలోనా అన్నదాన్ని బట్టి చక్రం వెడల్పు. ఈ నాలుగూ తేలాక సామర్థ్యం అంకెను చూడాలి, నోస్ వెయిట్‌కు కనీసం రెట్టింపు ఉండేలా చూసుకుంటే కుదుపులకు వెసులుబాటు ఉంటుంది.

దుకాణంలో చేత్తో పట్టుకుని చూడదగినవి కొన్ని ఉన్నాయి. హ్యాండిల్ తిప్పితే మర ఎక్కడా పట్టకుండా సాగాలి. లోపలి గొట్టాన్ని సగం బయటికి తెచ్చి పక్కకు ఊపితే ఎక్కువ కదలిక ఉండకూడదు. గొట్టాల మధ్య సందు పెద్దదైతే భారమంతా ఒక అంచు మీద పడుతుంది. ఫోర్కు గొట్టానికి చేరే చోట వెల్డింగు చుట్టూ నిండుగా ఉండాలి, రెండు చుక్కల అతుకు చాలదు. జర్మనీలోని బవేరియాలో 1931లో అలోయిస్ కోబర్ స్థాపించిన ఆల్-కో సంస్థ చట్రాలు బ్రిటన్ క్యారవాన్లలో విస్తారంగా ఉన్నాయి. ఆల్-కో, నాట్, వింటర్‌హాఫ్ లాంటి తయారీదారుల జాకీ వీళ్లకు చక్రాలు, హ్యాండిళ్లు, క్లాంపులు విడిగా దొరుకుతాయి. విడిభాగాలు దొరకడం కూడా మన్నికలో భాగమే. నోస్ వెయిట్‌ను గొట్టం మీదే చూపే కొలమానం ఉన్న రకాలూ ఉన్నాయి. వాటితో సామాను సర్దుకోవడం సులువవుతుంది.

బిగింపు, వాడకం

మార్చే ముందు క్యారవాన్ కారుకు తగిలించి ఉండాలి, లేదా ఏ-ఫ్రేమ్ కింద గట్టి స్టాండు ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి. క్లాంపు వదులు చేసి పాత గొట్టాన్ని బయటికి తీసి, కొత్తదాన్ని అమర్చుతారు. పనిలో పనిగా క్లాంపు బోల్టులు, దాని దవడల లోపలి అరుగుదల చూడాలి. గొట్టం జారుతోందని క్లాంపు హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించడం చాలామందికి అలవాటు. అలా చేస్తే గొట్టం గోడ లోపలికి నొక్కుకుపోయి లోపలి గొట్టం ఇరుక్కుంటుంది. జారుడుకు అసలు కారణం అరిగిన క్లాంపు లేదా గ్రీజు అంటిన గొట్టం. క్లాంపు పట్టే భాగం పొడిగా ఉండాలి, గ్రీజు లోపలి మరకే.

విడదీసేటప్పుడు బ్రేకు, దిమ్మలు వేశాకే జాకీ వీల్‌ను దించి, బరువు దాని మీదికి వచ్చిందని చూసుకుని కప్లింగ్ విప్పుతారు. బయల్దేరే ముందు ఫోర్కు గాడిలో కూర్చుందా, క్లాంపు బిగిసిందా అని చూస్తారు.

సంరక్షణ

ఏటా ఒకసారి గొట్టాన్ని విప్పి, పాత గ్రీజు తుడిచి, మరకడ్డీకి, పై బేరింగుకు, చక్రం ఇరుసుకు కొత్త గ్రీజు పెడితే జాకీ వీల్ చాలా కాలం నిలుస్తుంది. చలికాలమంతా క్యారవాన్‌ను నిలిపి ఉంచే దేశాల్లో ఏ-ఫ్రేమ్ కింద స్టాండు పెట్టి జాకీ వీల్‌ను తీసి లోపల దాచుకుంటారు. అలా చేస్తే దాని టైరు ఒకవైపు అణగదు, తుప్పు తగ్గుతుంది, బండిని దొంగలు లాక్కెళ్లడం కష్టమవుతుంది.

ఇతర దేశాల్లో

ఆస్ట్రేలియాలో క్యారవాన్ బరువులో సుమారు 10 శాతం ముందు భారంగా ఉంచడం వాడుక. మట్టి రోడ్ల ప్రయాణాలూ ఎక్కువ. అందువల్ల అక్కడ పెద్ద చక్రాలు, ఏ-ఫ్రేమ్ పక్కన బిగించి అడ్డంగా మడిచే ఏర్పాటు సాధారణం. అమెరికాలో దీని స్థానంలో టంగ్ జాక్ కనిపిస్తుంది. అది ఏ-ఫ్రేమ్‌కు బోల్టులతో బిగించిన జాకీ, అడుగున చక్రానికి బదులు చదును పాదం, తరచు విద్యుత్ మోటారు. 3,500 పౌండ్లు ఎత్తే రకాలు అక్కడ మామూలే. అయితే అది ఎత్తుతుందే గాని దొర్లదు. అక్కడ క్యారవాన్‌ను విడిదిలో పెట్టేది లాగే వాహనంతోనే కాబట్టి చక్రం లోటు తెలియదు. ఇరుకు వాకిళ్లలో చేత్తో తిప్పాల్సిన బ్రిటన్ క్యారవాన్‌కు ఆ జాకీ పనికిరాదు. అలాగే 90 కిలోల ముందు భారానికి చేసిన బ్రిటన్ జాకీ వీల్, 200 కిలోలు మోపే ఆస్ట్రేలియా క్యారవాన్ కింద నిలవదు.